యూరో లేని దేశాల మీద యూరో దెబ్బ ఎక్కడ పడుతుంది?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఇన్ని దేశాలు కలిసి ఒకే కరెన్సీ పెట్టుకుంటే, అందులో చేరని పొరుగు దేశాలకు దాని విధానాల సెగ ఎలా తగులుతుంది అన్నది మొదటిది. సొంత కరెన్సీని అట్టిపెట్టుకున్న దేశం ఆ సెగ నుంచి తప్పించుకోగలదా అన్నది రెండోది. పోటీ పరీక్షల పుస్తకాల్లో మొదటి ప్రశ్నకు వాణిజ్యం, పెట్టుబడులు, మారకం రేటు అని మూడు మాటల్లో జవాబు ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. అయితే చాలా ఏళ్లు బ్యాంకు ఫారెక్స్ (విదేశీ మారకం) విభాగంలో యూరప్ కరెన్సీలు చూసిన అనుభవంతో నేను ముందు అడిగే ప్రశ్న వేరు. ఆ దేశంలో జనం, కంపెనీలు, ప్రభుత్వం ఏ కరెన్సీలో అప్పు చేశాయి? సొంత కరెన్సీ ఉందా లేదా అన్నది ఆ తర్వాత చూస్తాను.

యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ (ఇకపై ఈసీబీ అంటాను) పాలక మండలి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆరు వారాలకోసారి కూర్చుని వడ్డీ రేటు నిర్ణయిస్తుంది. ఒప్పందం ప్రకారం దాని బాధ్యత యూరో దేశాల్లో ధరలను అదుపులో ఉంచడం. పోలండ్‌లో ఇంటి వాయిదా ఎంతవుతుంది, స్విస్ ఎగుమతిదారు ఏమవుతాడు అన్నది ఆ బల్ల మీదకు రాదు. వాళ్లది దుర్మార్గం అనడం లేదు, చట్టం వాళ్లకు అప్పగించిన పనే అంత. కానీ నిర్ణయం ఫలితం మాత్రం సరిహద్దు దగ్గర ఆగదు. ఇది బాగా అర్థం కావాలంటే 2015 జనవరి చూడాలి.

2010 నుంచి గ్రీస్, ఐర్లండ్, పోర్చుగల్, ఆ తర్వాత స్పెయిన్, ఇటలీ ఒక్కొక్కటిగా ఇబ్బందుల్లో పడ్డాయి. యూరో నిలబడుతుందా అన్న భయంతో డబ్బున్నవాళ్లు పక్కనే ఉన్న స్విస్ ఫ్రాంక్‌లోకి పరుగెత్తారు. 2011 ఆగస్టుకల్లా ఒక యూరోకు ఇంచుమించు ఒక ఫ్రాంకే వచ్చే పరిస్థితి. గడియారాలు, యంత్రాలు, మందులు అమ్ముకుని బతికే దేశానికి ఇది ఊపిరాడని స్థితి. 2011 సెప్టెంబర్ 6న స్విస్ నేషనల్ బ్యాంక్ (అక్కడి సెంట్రల్ బ్యాంకు) ఒక గీత గీసింది: యూరోకు 1.20 ఫ్రాంక్‌ల కంటే తగ్గనివ్వం, అవసరమైతే ఎన్ని యూరోలైనా కొంటాం. మూడేళ్లకు పైగా ఆ మాట నిలబెట్టుకుంది. అందుకోసం ఫ్రాంక్‌లు సృష్టించి యూరోలు కొంటూనే ఉంది. 2014 చివరికి దాని విదేశీ మారక నిల్వలు సుమారు 500 బిలియన్ ఫ్రాంక్‌లకు, అంటే దేశ జీడీపీలో దాదాపు నాలుగింట మూడు వంతులకు చేరాయి.

ఇంతలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో గాలి మారింది. యూరో దేశాల్లో ధరలు పెరగడం దాదాపు ఆగిపోయింది. ఈసీబీ కొత్త యూరోలు సృష్టించి పెద్ద ఎత్తున ప్రభుత్వ బాండ్లు (ప్రభుత్వాల అప్పు పత్రాలు) కొనబోతోందని మార్కెట్ మొత్తానికీ తెలిసిపోయింది. అది జరిగితే యూరో ఇంకా పడుతుంది, 1.20 గీతను కాపాడటానికి స్విస్ బ్యాంకు ఇంకెన్ని వందల బిలియన్లు కొనాలో అంతు లేదు. 2015 జనవరి 15 ఉదయం పదిన్నరకు, ఏ ముందస్తు సూచనా లేకుండా, ఆ గీతను ఎత్తేశారు. అంతకు మూడు రోజుల ముందే స్విస్ బ్యాంకు ఉపాధ్యక్షుడు జాన్ పియర్ డాంతీన్ ఆ గీతే తమ విధానానికి మూలస్తంభమని టీవీలో చెప్పి ఉన్నారు. కొద్ది నిమిషాల్లో యూరో 1.20 నుంచి ఒక దశలో 0.90 ఫ్రాంక్‌ల కిందికి పడి, ఆ తర్వాత ఒకటికి దగ్గరగా నిలదొక్కుకుంది. స్విస్ షేర్ల సూచీ ఆ ఒక్కరోజే 8 శాతానికి పైగా పడింది. గడియారాల కంపెనీ స్వాచ్ అధిపతి నిక్ హయెక్ దీన్ని సునామీ అన్నారు. వారం తిరిగేసరికి, జనవరి 22న, ఈసీబీ నెలకు 60 బిలియన్ యూరోల కొనుగోళ్లు ప్రకటించింది. మార్కెట్ ఊహించిందే జరిగింది.

ఆ రోజు నేను స్క్రీన్ ముందే ఉన్నాను. కరెన్సీ జంటల్లో రేట్లు కోట్ చేయడమే ఆగిపోయిన క్షణాలవి. యూరోలు కొనేవాడు ఎవడూ లేడు. మన తెలుగు పిల్లలు కొందరు ఐటీ ప్రాజెక్టుల మీద జ్యూరిక్, బాజిల్‌లలో ఉండేవారు. వాళ్ల ఫ్రాంక్ జీతానికి సుమారు 61 రూపాయల లెక్కన వచ్చేది, రెండు రోజుల్లో 70 దాటింది. ఇంటికి డబ్బు పంపేవాళ్లకు పండగే. అదే కంపెనీలో క్లయింటు ఖర్చు తగ్గించుకోవాలని కాంట్రాక్టులు కోస్తాడేమోనన్న టెన్షన్ కూడా అప్పుడే మొదలైంది.

సరిహద్దులోని కోన్‌స్టాంజ్ జర్మనీ ఊరు. దాన్ని ఆనుకునే స్విట్జర్లాండ్‌లోని క్రాయ్ట్స్‌లింగెన్ ఉంటుంది, రెండిటి మధ్యా నడిచి వెళ్లొచ్చు. ఫ్రాంక్ పెరిగిన ప్రతిసారీ శనివారాల్లో స్విస్ జనం అక్కడి దుకాణాల మీద పడతారు. సరుకు కొన్నాక దుకాణంవాడు ఒక ఎగుమతి చీటీ రాసిస్తాడు. దాని మీద జర్మన్ కస్టమ్స్ ముద్ర వేయించుకుంటే 19 శాతం వ్యాట్ వెనక్కి వస్తుంది. సబ్బులకూ బట్టలకూ కూడా జనం చీటీలు పట్టుకుని కస్టమ్స్ కిటికీ ముందు వరసలో నిలబడేవారు. చివరికి 2020 నుంచి 50 యూరోల కంటే తక్కువ బిల్లుకు వ్యాట్ వాపసు లేదని జర్మనీ నియమం పెట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్ నిర్ణయం స్విస్ కిరాణా వ్యాపారి గల్లాపెట్టెను ఎలా ఖాళీ చేస్తుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

అయినా స్విట్జర్లాండ్ తట్టుకుంది. స్విస్ జనం అప్పులు స్విస్ ఫ్రాంక్‌లోనే ఉన్నాయి కనుక ఫ్రాంక్ పెరిగినందుకు ఎవరి ఇంటి అప్పూ పెరగలేదు. దెబ్బ అసలు పడింది వెయ్యి కిలోమీటర్ల దూరంలో, పోలండ్‌లో.

2000ల మధ్యలో పోలండ్, హంగరీ, క్రొయేషియా, రొమేనియాల్లో బ్యాంకులు ఇంటి రుణాలను స్విస్ ఫ్రాంక్ లెక్కలో ఇచ్చాయి. వీటిలో ఎక్కువ బ్యాంకులు ఆస్ట్రియా, ఇటలీ, జర్మనీ వంటి దేశాల బ్యాంకుల చేతుల్లోనివే. సొంత కరెన్సీలో వడ్డీ ఎక్కువ, ఫ్రాంక్‌లో తక్కువ. ఎలాగూ కొన్నాళ్లకు యూరోలో చేరతాం, మన కరెన్సీ పెరుగుతూనే ఉంది, రిస్కు ఏముంది అన్న ధీమా అందరిదీ.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 2008 వేసవిలో ఒక ఫ్రాంక్‌కు సుమారు 2 జ్వోటీలు (పోలండ్ కరెన్సీ). వార్సాలో ఒక కుటుంబం లక్ష ఫ్రాంక్‌ల రుణం తీసుకుందనుకుందాం, అంటే 2 లక్షల జ్వోటీల ఫ్లాటు. 2011 వేసవికి ఫ్రాంక్ 4 జ్వోటీల దగ్గరకు వచ్చింది. 2015 జనవరి 15న కొద్దిసేపు 5 కూడా దాటి, ఆ తర్వాత 4.20 చుట్టుపక్కల నిలబడింది. ఏడేళ్లు వాయిదాలు కట్టి అసలులో ఐదో వంతు తీర్చినా, మిగిలిన 80 వేల ఫ్రాంక్‌ల బాకీ జ్వోటీల్లో 3 లక్షల 36 వేలు అవుతుంది. తీసుకున్నది 2 లక్షలు. స్విస్ వడ్డీ సున్నా కిందికి పోవడం వల్ల నెలవారీ వాయిదా అంత దారుణంగా పెరగలేదు, ఈ సంగతి చాలామంది గమనించరు. ఇల్లు అమ్ముదామంటే మాత్రం వచ్చే డబ్బు బాకీకి చాలదు. ఊరు మారలేరు, ఉద్యోగం మారలేరు. ఇలా ఇరుక్కున్నవి లక్షల కుటుంబాలు. పోలండ్‌లో వాళ్లను ఫ్రాంకోవిచ్‌లు అనడం మొదలైంది. 2019 అక్టోబర్‌లో యూరోపియన్ న్యాయస్థానం తీర్పుతో ఆ ఒప్పందాలను రద్దు చేయించుకునే దారి తెరుచుకుంది, కోర్టుల్లో కేసులు లక్ష దాటాయి.

ఇక్కడ గొలుసును జాగ్రత్తగా చూడండి. యూరో సంక్షోభం, ఆ తర్వాత ఈసీబీ బాండ్ల కొనుగోలు ఆలోచన, దానితో స్విస్ గీత ఎత్తివేత, దానితో వార్సాలో అప్పు ఇంకా బరువెక్కడం. పోలండ్‌కు సొంత కరెన్సీ ఉంది, సొంత సెంట్రల్ బ్యాంకు ఉంది. వడ్డీ రేటు దాని చేతుల్లోనే ఉంది. ఫ్రాంక్‌లో అప్పు చేసిన ఇంటికి ఆ స్వతంత్రం వల్ల ఏమీ ఒరగలేదు.

హంగరీ సంగతి ఇంకా గట్టి పాఠం. 2008లో అక్కడి కుటుంబాల అప్పుల్లో సింహభాగం విదేశీ కరెన్సీవే. ఆ అక్టోబర్‌లో ప్రపంచ సంక్షోభం ముదిరినప్పుడు ఈసీబీ వడ్డీని 4.25 నుంచి 3.75కు తగ్గించింది. రెండు వారాల తర్వాత, అక్టోబర్ 22న, హంగరీ తన వడ్డీని ఒక్కరోజులో 3 శాతం పాయింట్లు పెంచి 11.5కు తీసుకెళ్లింది. మాంద్యం ముంచుకొస్తుంటే వడ్డీ పెంచడం ఎవరికీ ఇష్టం ఉండదు. సొంత కరెన్సీ ఫోరింట్‌ను పడనిస్తే ఇళ్ల అప్పులు పేలిపోతాయి, అందుకే పెంచక తప్పలేదు. ఆ తర్వాత 2014 నవంబర్‌లో హంగరీ ప్రభుత్వం ఒక పని చేసింది. విదేశీ కరెన్సీ ఇంటి రుణాలన్నిటినీ ఫ్రాంక్‌కు సుమారు 256 ఫోరింట్‌ల చొప్పున సొంత కరెన్సీలోకి మార్చేయాలని చట్టం చేసింది, సెంట్రల్ బ్యాంకు తన నిల్వల నుంచి బ్యాంకులకు విదేశీ మారకం ఇచ్చింది. రెండు నెలలకే జనవరి 15 వచ్చింది. ఆ రోజు పోలండ్ కుటుంబాలు బెంబేలెత్తుతుంటే హంగరీ కుటుంబాలకు పెద్దగా ఏమీ కాలేదు. ఆ ప్రభుత్వం చేసిన మిగతా ఆర్థిక నిర్ణయాల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, ఈ ఒక్కటి మాత్రం సరైన సమయంలో చేసిన సరైన పని.

ఇప్పుడు ఇంకో జోడీ: 2009లో పోలండ్, లాట్వియా. 2008 వేసవి నుంచి 2009 ఫిబ్రవరికల్లా జ్వోటీ విలువ యూరోతో పోలిస్తే మూడో వంతు దాకా పడిపోయింది. పోలండ్ ఎగుమతులు చవకయ్యాయి. 2009లో యూరోపియన్ యూనియన్ మొత్తంలో ఆర్థిక వృద్ధి సాధించింది ఆ ఒక్క దేశమే. లాట్వియా అప్పటికి యూరోలో లేదు, సొంత కరెన్సీ లాట్స్‌ను ఒక స్థిర రేటు దగ్గర యూరోకు కట్టేసి ఉంచింది. అది కూడా కరెన్సీని పడనివ్వొచ్చు కదా అని అప్పట్లో చాలామంది ఆర్థికవేత్తలు అడిగారు. కానీ అక్కడి రుణాల్లో అత్యధిక భాగం, స్వీడన్ బ్యాంకులు ఇచ్చినవి, యూరోలో ఉన్నాయి. లాట్స్ పడితే దేశంలో సగం ఇళ్లు, కంపెనీలు దివాలా. కాబట్టి కరెన్సీని అలాగే పట్టుకుని జీతాలు కోశారు, ప్రభుత్వ ఖర్చులు కోశారు, ఆసుపత్రులు మూశారు. ఆ ఒక్క ఏడాదే జీడీపీ 14 శాతం దాకా తగ్గింది. యువత బ్రిటన్, ఐర్లండ్‌లకు వలస పోయింది. పోలండ్‌లోనూ ఫ్రాంక్ రుణాలు ఉన్నాయని పైన చెప్పాను, కానీ ఆర్థిక వ్యవస్థ మొత్తంతో పోలిస్తే అవి లాట్వియా స్థాయిలో లేవు. అందుకే కరెన్సీ పతనం పోలండ్‌లో కొన్ని లక్షల ఇళ్లను ముంచినా దేశాన్ని నిలబెట్టింది.

డెన్మార్క్ కూడా తన క్రోన్‌ను యూరోకు కట్టేసింది, 2000లో ప్రజాభిప్రాయ సేకరణలో 53 శాతం మంది యూరో వద్దన్నా సరే. అక్కడ ఇంటి అప్పులు క్రోన్‌లోనే, ప్రభుత్వం ఖజానా పటిష్ఠం. 2015 జనవరిలో స్విస్ గీత పోగానే స్పెక్యులేటర్లు (రేట్ల మార్పు మీద పందెం కాసేవాళ్లు) తర్వాత డెన్మార్క్ వంతు అని క్రోన్ కొనడం మొదలుపెట్టారు. మూడు వారాల్లో నాలుగుసార్లు వడ్డీ తగ్గించి మైనస్ 0.75కు దింపారు. క్రోన్ దొరక్కుండా చేయడానికి ప్రభుత్వం బాండ్లు అమ్మడమే ఆపేసింది. పట్టు సడలలేదు. ఎవడైనా క్రోన్ కొంటానంటే, దాన్ని సృష్టించే హక్కు డెన్మార్క్ సెంట్రల్ బ్యాంకుకే ఉంది మరి. పతనాన్ని ఆపడానికి నిల్వలు అయిపోతాయి, పెరుగుదలను ఆపడానికి ఆ హద్దు లేదు. 2019లో అక్కడి యూస్కే బ్యాంక్ పదేళ్ల ఇంటి రుణాన్ని మైనస్ అర శాతం వడ్డీకి ఇచ్చింది. ఈసీబీ మైనస్ వడ్డీ పొరుగింట్లో అంత దూరం వెళ్లింది.

స్వీడన్ క్రోనాను కట్టేయలేదు, స్వేచ్ఛగా వదిలేసింది. అయినా 2015 ఫిబ్రవరిలో అదీ సున్నా కిందికి వెళ్లింది. అప్పటికి దాని ఆర్థిక వ్యవస్థ బాగా నడుస్తోంది, ఆ ఏడాది వృద్ధి 4 శాతం పైన. అంత మంచి ఏడాదిలో మైనస్ వడ్డీ ఎందుకంటే, ఈసీబీ అంత వదులు చేస్తుంటే తాము బిగిస్తే క్రోనా పెరిగి, అప్పటికే తక్కువగా ఉన్న ద్రవ్యోల్బణం ఇంకా పడిపోతుందని భయం. దాని ధర ఇళ్ల మార్కెట్ కట్టింది. ఇళ్ల ధరలు, కుటుంబాల అప్పులు విపరీతంగా పెరిగి, 2022 తర్వాత వడ్డీ 4 శాతానికి చేరేసరికి ధరలు జారాయి. కరెన్సీని వదిలేసినంత మాత్రాన పూర్తి స్వతంత్రం రాదనడానికి స్వీడన్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

వాణిజ్యం గురించి పుస్తకాల్లో చాలా ఉంటుంది కాబట్టి త్వరగా చెప్తాను. చెక్ ఎగుమతుల్లో మూడో వంతు దాకా ఒక్క జర్మనీకే. 2013 నవంబర్‌లో చెక్ సెంట్రల్ బ్యాంకు స్విస్ తరహాలోనే యూరోకు 27 కొరునాలని గీత పెట్టి, 2017 ఏప్రిల్‌లో పెద్ద అల్లరి లేకుండా ఎత్తేసింది. యూరో దేశాల పొదుపు చర్యల దెబ్బ అల్బేనియా మీద ఇంకో దారిలో పడింది. గ్రీస్‌లో నిర్మాణ పనులు ఆగిపోవడంతో అక్కడ తాపీ పని, పొలం పని చేసుకునే అల్బేనియన్లు లక్షకు పైగా ఇంటిదారి పట్టారు, ఇంటికి వచ్చే డబ్బూ తగ్గింది. గల్ఫ్‌లో పనులు తగ్గితే కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల్లో ఏమవుతుందో తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

చాలామంది వదిలేసే అంశం ఒకటుంది. సంక్షోభంలో యూరోలు కావాలంటే ఎవరు ఇస్తారు? యూరో బ్యాంకులు చుట్టుపక్కల దేశాల్లో యూరో రుణాలిచ్చాయి, కానీ యూరోలు సృష్టించే హక్కు ఈసీబీది. 2008లో డెన్మార్క్‌కు ఈసీబీ 12 బిలియన్ యూరోల స్వాప్ ఇచ్చింది, అంటే మీ కరెన్సీ మాకివ్వండి, మా కరెన్సీ తీసుకోండి అని. హంగరీకి మాత్రం 5 బిలియన్, అదీ నాణ్యమైన యూరో బాండ్లు తాకట్టు పెడితేనే. చేతిలో యూరో ఆస్తులు లేకనే కదా ఇబ్బంది! హంగరీ ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. 2009లో వియన్నాలో పశ్చిమ యూరప్ బ్యాంకులను కూర్చోబెట్టి, హంగరీ, లాట్వియా, రొమేనియా, సెర్బియా, బోస్నియాల నుంచి డబ్బు వెనక్కి లాగేసుకోబోమని వాళ్ల దగ్గర మాట తీసుకున్నారు. అది పనిచేసింది, కానీ బ్యాంకుల మంచితనం మీద ఆధారపడిన ఏర్పాటు అది. 2020 కరోనా సమయానికి ఈసీబీ తీరు కొంత మెరుగైంది. బల్గేరియా, క్రొయేషియాలకు చెరో 2 బిలియన్ల స్వాప్, రొమేనియా, సెర్బియా, అల్బేనియా వంటివాటికి తాకట్టు మీద యూరోలు. నా దృష్టిలో ఇది దయాదాక్షిణ్యాలుగా కాకుండా శాశ్వత నియమంగా ఉండాలి. నీ బ్యాంకులు పొరుగు దేశంలో నీ కరెన్సీలో అప్పులిచ్చి లాభం తీసుకుంటే, కష్టకాలంలో ఆ కరెన్సీ అందించే బాధ్యత కూడా నీదే.

మన చుట్టూ ఉమ్మడి కరెన్సీ లేదు కానీ ఇదే చిక్కు చిన్న రూపంలో ఉంది. నేపాల్ 1993 నుంచి 1.60 నేపాలీ రూపాయలకు ఒక భారత రూపాయి అని కట్టేసుకుంది, భూటాన్ న్గుల్‌ట్రమ్ మన రూపాయితో సమానం. 2012లో భూటాన్‌లో అప్పులు, దిగుమతులు ఎక్కువై మన రూపాయలే కరువయ్యాయి, రుణాలు ఆపాల్సి వచ్చింది. 2016 నవంబర్‌లో మన పాత 500, 1000 నోట్లు రద్దయినప్పుడు నేపాల్‌లో జనం దగ్గరున్న నోట్లు అలాగే ఉండిపోయాయి. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు వాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఇక మీ రెండో ప్రశ్న, సొంత కరెన్సీ కాపాడుతుందా అన్నది. అప్పు సొంత కరెన్సీలో ఉన్న దేశానికి కాపాడుతుంది, కొంతవరకు. అప్పు యూరోలో ఉంటే పేరుకు మిగిలిన స్వతంత్రం అది. బల్గేరియా 1997లో కరెన్సీ బోర్డు (సొంత కరెన్సీని విదేశీ కరెన్సీ నిల్వలతో స్థిర రేటుకు ముడిపెట్టే ఏర్పాటు) పెట్టుకుని తన లెవ్‌ను ముందు జర్మన్ మార్కుకు, తర్వాత యూరోకు 1.95583 దగ్గర బిగించింది. అప్పటి నుంచి వడ్డీ రేటు విషయంలో సొంత నిర్ణయమంటూ దానికి లేదు, ఫ్రాంక్‌ఫర్ట్ ఏం చేస్తే అదే. అలాంటి దేశం బయట ఉండి సాధించేదేమిటి? 2026 జనవరి 1న అది యూరోలో చేరింది, 21వ సభ్యదేశం. ఇప్పుడు దాని గవర్నర్ పాలక మండలిలో కూర్చుంటారు. ఐదు పెద్ద దేశాలు నాలుగు ఓట్లను, మిగతా దేశాలన్నీ పదకొండు ఓట్లను వంతులవారీగా పంచుకుంటాయి కాబట్టి ప్రతి సమావేశంలో ఓటు ఉండదు, మాట్లాడే హక్కు ఉంటుంది. మాంటెనెగ్రో, కొసోవో కూడా యూరోనే వాడుతున్నాయి, కానీ ఒప్పందం లేకుండా తమంతట తాము. వాటికి ఆ కుర్చీ లేదు, బ్యాంకులకు ఇబ్బంది వస్తే వెనక నిలబడే ఈసీబీ కూడా లేదు.

మీరు ఏ పొరుగు దేశం గురించి రాస్తున్నా ముందు ఆ దేశ సెంట్రల్ బ్యాంకు వార్షిక ఆర్థిక స్థిరత్వ నివేదిక తీసి, కుటుంబాల, కంపెనీల రుణాల్లో విదేశీ కరెన్సీ వాటా ఎంతో చూడండి. ఆ రుణం తీసుకున్నవాళ్ల ఆదాయం కూడా అదే కరెన్సీలో వస్తోందా అన్నది దాని పక్కనే రాసుకోండి. జర్మనీకి కార్ల విడిభాగాలు అమ్మే చెక్ కంపెనీ యూరోలో అప్పు తీసుకోవడం వేరు, జ్వోటీల్లో జీతం తీసుకునే బడిపంతులు ఫ్రాంక్‌లో తీసుకోవడం వేరు.